సీపీఎస్ డబ్బులు ఏ గడిలో వేశారు?

కోయిలకుంట్లకీ పింఛనుకీ ఉన్న పేచీ ఇప్పటిది కాదు. ఉయ్యాలవాడ నరసింహారెడ్డి కుటుంబానికి కంపెనీ ఇచ్చిన తవర్జీ నెలకు 11 రూపాయల 10 అణాల 8 పైసలు. ఆ డబ్బు దగ్గర రాజుకున్న గొడవ 1846లో ఇక్కడి ఖజానా మీద దాడి దాకా పోయింది. ఇప్పుడు మన సార్లకి, టీచరమ్మలకి పింఛను అంటే సీపీఎస్. వీళ్ల పేచీ ఐటీ రిటర్న్‌లోని రెండు గడులతో.

ఇంట్లో అక్కో బావో చిన్నాయనో బడిలో పనిచేస్తుంటే, రిటర్న్ వేసేది ఎవరు? ఫోన్ చేతిలో ఉన్న మీరే. అందుకే ఇది మీకు చెప్తున్నా.

2004 సెప్టెంబర్ 1 నుంచి చేరిన రాష్ట్ర ఉద్యోగులకు బేసిక్, డీఏ మీద 10 శాతం జీతంలో కట్ అవుతుంది. ప్రభుత్వం కూడా అంతే వేస్తుంది. రెండూ ఒకే ప్రాన్ ఖాతాలోకి పోతాయి. పన్ను లెక్కలో మాత్రం రెండింటి దారులు వేరు.

అక్కకి బేసిక్, డీఏ కలిపి నెలకు 80,000 అనుకుందాం. ఏడాదికి ఆమె వాటా 96,000, ప్రభుత్వం వాటా ఇంకో 96,000. పాత విధానంలో అయితే ఆమె వాటాలో 50,000 వరకు 80సీసీడీ(1బి)లో వేయొచ్చు. మిగిలిన 46,000 ఎల్ఐసీ, ఏపీజీఎల్ఐ, పిల్లల ఫీజులతో కలిసి 1,50,000 పరిమితిలోకి పోతుంది. చాలామంది మొత్తం 96,000నీ ఆ 1,50,000లోనే కుక్కేస్తారు. అది ఎల్ఐసీతోనే నిండిపోయి ఉంటే, 20 శాతం స్లాబులో ఉన్న మనిషికి సెస్సుతో కలిపి 10,400 ఊరికే పోయినట్టే.

కొత్త విధానంలో ఆమె సొంత వాటాకి మినహాయింపు సున్నా. ప్రభుత్వ వాటాకి మాత్రం 80సీసీడీ(2) కింద ఉంటుంది. అదీ ముందు జీతంలో కలిపి చూపించి, తర్వాత తీసేయాలి. జీతంలో కలపకుండా తీసేస్తే ఒకే డబ్బుకి రెండుసార్లు లాభం పొందినట్టు. కలిపి తీసేయడం మర్చిపోతే చేతికి రాని డబ్బు మీద పన్ను కట్టినట్టు. ఇంకోటుంది. ఆ గడి పరిమితి 14 శాతం, మన దగ్గర ప్రభుత్వం వేసేది 10. అంటే అక్క వాటాలోంచి 38,400 అందులో కలిపేసినా సిస్టమ్ నోరు మెదపకపోవచ్చు. ఎర్రర్ రాలేదంటే లెక్క సరిపోయిందని కాదు. సాఫ్ట్‌వేర్ రాసి బతికేవాడిగా చెప్తున్నా, ముందే నిండి వచ్చిన అంకె కూడా ఇంకోచోట ఎవరో టైప్ చేసిందే. ఫామ్ 16ని ప్రాన్ స్టేట్‌మెంట్ పక్కన పెట్టి చూడండి, అందులో రెండు వాటాలూ విడివిడిగా ఉంటాయి.

తప్పు కనబడితే కంగారొద్దు. సెక్షన్ 139(5) కింద రివైజ్డ్ రిటర్న్ వేయొచ్చు. 2025-26 అసెస్‌మెంట్ ఇయర్‌కి 2025 డిసెంబర్ 31 ఆఖరు. పాత రిటర్న్ అక్‌నాలెడ్జ్‌మెంట్ నంబరు, తేదీ కావాలి. రీఫండ్ వచ్చేసినా, 143(1) ఇంటిమేషన్ వచ్చేసినా పర్వాలేదు. పన్ను పెరిగితే వడ్డీతో ముందు చలాన్ కట్టి వేయాలి.

ఆ తేదీ దాటాకే అసలు కథ. అప్‌డేటెడ్ రిటర్న్ అని ఇంకో దారి నాలుగేళ్ల దాకా తెరిచే ఉంటుంది. కానీ అది ప్రభుత్వానికి డబ్బు వచ్చే దారి మాత్రమే. మొదటి ఏడాదే 25 శాతం అదనం, పోనుపోను 70 దాకా. పన్ను తగ్గించుకోడానికి, రీఫండ్ పెంచుకోడానికి అది పనికిరాదు. ఎక్కువ క్లెయిమ్ చేసిన అక్క ఆలస్యంగానైనా డబ్బు కట్టి బయటపడుతుంది. 10,400 పోగొట్టుకున్న అక్కకి ఆ దారి లేదు. నాకైతే ఇది న్యాయంగా అనిపించదు.

ఎవరు చూస్తారులే అనుకునేవాళ్లకి ఒక మాట. 2025 జులైలో ఆదాయపన్ను శాఖ చెప్పిన లెక్క: అంతకుముందు నాలుగు నెలల్లో దాదాపు 40,000 మంది రిటర్న్‌లు సరిచేసుకుని 1,045 కోట్ల తప్పుడు క్లెయిములు వెనక్కి తీసుకున్నారు. దొరికాక అయితే తక్కువ చూపిన ఆదాయంపై పన్నులో 50 శాతం జరిమానా, కావాలని తప్పు చూపారంటే 200.

రివైజ్ చేశాక 30 రోజుల్లో ఈ-వెరిఫై చేయాలి. ఆధార్ ఓటీపీ అక్క ఫోన్‌కి పోతుంది, ఆమేమో బళ్లో ఉంటుంది. సాయంత్రం ఇంటికొచ్చి టీ తాగాక కూర్చోండి.