గోదావరి పంచాంగం చూసి రాదు

మా తాతగారి పాత పంచాంగాలు ఇప్పటికీ మా ఇంట్లో ఒక ట్రంకుపెట్టెలో ఉన్నాయి. తిథివార నక్షత్రాలకోసం వాటిని ఎవరూ తెరవరు. ప్రతి పంచాంగం వెనక అట్టమీదా ఆయన సిరాతో ఒకే ఒక అంకె వేసి ఉంచారు. ఆ యేడు గోదావరి అన్నిటికంటె ఎక్కువగా వచ్చిన రోజున మా ఊరి రేవులో ఎన్ని మెట్లు మునిగాయో ఆ లెక్క అది. ఏడాదికి ఒకటే అంకె. విజయ సంవత్సరం, అంటే 1953, పంచాంగం మీద మాత్రం అంకె లేదు. "మెట్లన్నీ. మన అరుగు కూడా" అని ఉంది.

"రోజూ స్నానానికి వెళ్ళి చూస్తూనే ఉన్నారుగా, రోజూ ఎందుకు రాయరూ?" అని మా బామ్మ దెప్పేదిట. "రోజూ వచ్చే నీళ్ళతో మనకు పేచీ ఏముందే? ముంచేది ఒక్కరోజు" అనేవారట ఆయన.

ఈ మాట మొన్న మళ్ళీ జ్ఞాపకం వచ్చింది. మా మేనల్లుడికి భద్రాచలం బదిలీ అయింది. అక్కడే స్థిరపడదామని ఊళ్ళో పల్లపువైపు ఒక ఇల్లు బేరమాడాడు. బావగారు రిటైరయినప్పుడు వచ్చిన డబ్బంతా మా అక్కయ్య అందులో పెట్టడానికి సిద్ధపడింది. బేరం కుదిర్చే ఆసామీ ఇలా అన్నాడట: "1986లో నూరేళ్ళ వరద వచ్చేసిందండీ. ఇంకో అరవై ఏళ్ళదాకా నిశ్చింత."

"లెక్క సరిగానే ఉంది కదా మామయ్యా?" అని మావాడు ఫోనులో అడిగాడు.

కూడిక సరిగానే ఉంది గాని, అర్థం బొత్తిగా తప్పు. భద్రాచలంలో గోదావరి 43 అడుగులకు వస్తే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండవది, 53కి మూడవది. 1986 ఆగస్టులో 75.6 అడుగులు వచ్చింది. ఆ ఆసామీ చెప్పినట్టయితే ఆ తరువాత గోదావరి నూరేళ్ళు సెలవు పుచ్చుకోవాలి. నాలుగేళ్ళకే, 1990లో, 70.8 అడుగులు వచ్చింది. ఆ పైన ముప్ఫైరెండేళ్ళు అంత ఎత్తు రాలేదు. జనం మరిచిపోతున్న సమయానికి, 2022 జూలైలో, 71.3 అడుగులు వచ్చింది.

నూరేళ్ళ వరద అంటే ఏ యేడైనా సరే రావడానికి నూటికి ఒకపాలు అవకాశం ఉన్న వరద. నిరుడు వచ్చిందా లేదా అన్నదానితో ఈ యేటికి నిమిత్తం లేదు. పచ్చీసులో గవ్వలు వేసేటప్పుడు కిందటి పందెం వాటికి గుర్తుంటుందా? నూటికి ఒకపాలే కదా అని తేలిగ్గా తీసుకోకండి. ముప్ఫైయేళ్ళ వాయిదాలమీద ఇల్లు కొన్నవాడు ఆ ముప్ఫైయేళ్ళలో కనీసం ఒక్కసారైనా ఆ వరద చూసే అవకాశం నూటికి ఇరవైఆరు. అంటే నాలుగోవంతు పైమాటే.

అంత ఎత్తు ఏటా నూటికి ఒకసారని ఎలా తేలుస్తారు? మా తాతగారు చేసిన పనితోనే మొదలుపెడతారు. కాలాన్ని సమానమైన ఖండాలుగా కోసి, ఒక్కొక్క ఖండంనుంచి అన్నిటికంటె పెద్ద అంకెను మాత్రం ఏరుకుంటారు. దీన్ని బ్లాక్ మాక్సిమా పద్ధతి అంటారు. రోజువారీ నీటిమట్టాల సగటు తీస్తే మామూలు రోజుల సంగతే తెలుస్తుంది గాని, ముంచే రోజు సంగతి తెలియదు. నెలకొక అంకె తీస్తే వైశాఖమాసపు గోదావరికీ శ్రావణమాసపు గోదావరికీ పొత్తు కుదరదు. పదేళ్ళకొకటి తీస్తే గుప్పెడు అంకెలైనా మిగలవు. ఏడాది ఖండంలో ఒక వానకాలం పూర్తిగా ఇముడుతుంది. ఒకే యేట రెండు పెద్ద వరదలొస్తే రెండవది లెక్కకు రాదు, అదొక్కటే నష్టం.

ఇలా ఏరిన అంకెలకు ఒక క్రమం ఉందని 1928లో ఇంగ్లండులో ఫిషర్, టిపెట్ అనే ఇద్దరు చూపించారు. టిపెట్ పత్తి పరిశ్రమ పరిశోధనశాలలో పనిచేసేవాడు. నూలుపోగు తెగేది దాని అతి బలహీనమైన చోటనే కదా! అలాంటి అంచుల లెక్కలు మూడు తీరుల్లో ఒకదానికి వస్తాయని వారు తేల్చారు. వరదల విషయంలో ఆ తేడా ఏమిటంటే, ఒక తీరులో ఇంతకుమించి రాదన్న కప్పు ఉంటుంది. ఇంకొకదానిలో కప్పు లేకపోయినా మహావరదల అవకాశం త్వరగా సన్నగిల్లుతుంది. మూడవదానిలో అది అంత త్వరగా తగ్గదు, భయమంతా దానితోనే. ఈ విద్యను నదుల వరదలకు అన్వయించినవాడు గుంబెల్ అనే జర్మన్ గణితవేత్త. తన దేశంలో జరిగిన రాజకీయ హత్యలను లెక్కకట్టి ప్రకటించినందుకు శత్రువులను తెచ్చుకుని, 1932లో హైడెల్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో కొలువు పోగొట్టుకున్నాడు. ఫ్రాన్సుకూ, 1940లో అమెరికాకూ వలసపోయాడు. 1958లో ఈ విషయంమీద పెద్ద గ్రంథం వెలువరించాడు.

అయితే ఈ లెక్కకూ ఒక షరతు ఉంది. ముందు రాబోయే యేళ్ళు వెనకటి యేళ్ళలాంటివే కావాలి. గాలి ఒక్క డిగ్రీ వేడెక్కితే సుమారు నూటికి ఏడువంతుల తేమ అదనంగా పట్టగలదు. ఎగువన ఆనకట్టలు లేచాయి, అడవులు తగ్గాయి. అందుచేత పాత అంకెలను పారేయనక్కరలేదు గాని, వాటిమీద కొంత ఎత్తు కలుపుకోవడం వివేకం.

ఇదంతా మావాడికి చెప్పాను. "మరి కొనమంటావా, వద్దంటావా మామయ్యా?" అన్నాడు. "ఎప్పుడు వస్తుందో నేను చెప్పలేనురా. వస్తే మీ అమ్మ డబ్బు మళ్ళీ సంపాదించగలవా? అది ఆలోచించుకో" అన్నాను. ఫోను కాసేపు మాట్లాడలేదు.

వారం తరువాత తెలిసింది, మెరకమీద చిన్న ఇల్లు చూశారుట. గదులు ఇరుకు, ధర ఎక్కువ, వీధిలోంచి పదకొండు మెట్లు ఎక్కాలి. మోకాళ్ళ నొప్పులతో ఎలాగే అక్కయ్యా అన్నాను.

"నాకు కష్టమేరా! గోదావరికి మాత్రం తేలికా?" అంది. ఆపైన తాతగారి పంచాంగాలు తనకు పంపించమంది. ఈ యేటి అంకె తను వేస్తుందట.