డిగ్రీ విద్యాసమీక్ష: అధికారి ఎవరు?

శాస్త్రారంభమున అధికారి, విషయము, సంబంధము, ప్రయోజనము అను నాలుగింటిని నిరూపించిన పిదపనే గ్రంథప్రవృత్తి యని పాఠశాలలో చదివిన ప్రతివారికిని తెలిసినదే. నేడు కళాశాల విద్యను సంస్కరింపబూనినవారు వీనిలో రెండింటినే చర్చించుచున్నారు. పాఠ్యప్రణాళిక యనెడి విషయము, ఉద్యోగమనెడి ప్రయోజనము. ఈ చదువు ఎవరి కొరకు, చదువుకును అది చెప్పబడు ఊరికిని సంబంధమేమి అను ప్రశ్నలు అట్లే మిగిలియున్నవి.

అమెరికాలో 1901లో జోలియట్ పట్టణమున ఆరంభమైన జూనియర్ కళాశాల నుండి విస్తరించిన సముదాయ కళాశాలలకు ఆ రెండు ప్రశ్నలే ప్రాణము. దూరము పోలేనివానికి ఉన్నచోటనే, అల్పవ్యయముతో, రెండేండ్ల చదువు. మన దేశమున 1995లో పుదుచ్చేరిలో అట్టి కళాశాల వెలసినది. 2013లో విశ్వవిద్యాలయ నిధుల సంఘము ఒక పథకమును ప్రకటించినది. తెలంగాణలో ఆ పేరు అంతగా వినబడకున్నను, వాస్తవమునకు ఆ పని చేయుచున్నవి డిగ్రీ కళాశాలలే.

మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతమును చూచిన ఈ విషయము స్పష్టపడును. ఒకటి నాగపూరు రహదారిపై, మరొకటి కరీంనగరు రహదారిపై ఉన్నవి. శామీర్‌పేట పరిసరములలో నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయము, 2008లో ఆరంభమైన బిట్స్ పిలానీ ప్రాంగణము, తుర్కపల్లి వైపు జీనోమ్ వ్యాలీ కలవు. 2020లో రాష్ట్రమున తొలిసారిగా అనుమతి పొందిన అయిదు ప్రైవేటు విశ్వవిద్యాలయములలో మూడు ఈ జిల్లాలోనివే. ఇన్ని విద్యాసౌధముల నడుమ చుట్టుపట్ల పల్లెల పిల్లవాడు చేరునది మాత్రము బస్సు పోవు దారిలోని డిగ్రీ కళాశాల. అతడు రాత్రి ఏ కంపెనీలోనో పని చేసి ఉదయము తరగతికి వచ్చువాడు కావచ్చును. తమ్ముని చదువు కొరకు తన చదువు ఆపవలసిన బాలిక కావచ్చును. అధికారి వీరే.

2016 నుండి ‘దోస్త్’ ద్వారా ప్రవేశములు జరుగుచున్నవి. కళాశాల కళాశాలకు తిరిగి దరఖాస్తులు పెట్టు బాధ తప్పినది, అది మేలే. అయితే ఆ యంత్రమునకు మార్కులు తెలియును, సీట్లు తెలియును. సాయంకాలము చివరి బస్సు ఎప్పుడో తెలియదు.

పాఠశాలలో తరగతి గ్రంథమును బట్టి యుండెడిది, సంవత్సరమును బట్టి కాదు. శబ్దమంజరి, అమరము వల్లించి, రఘువంశమున కొన్ని సర్గలు చదివి, ఇంటి పరిస్థితి వలన వెనుకకు మరలిన బాలుడు పరీక్ష తప్పినవాడు కాడు. శ్లోకమునకు తానే అన్వయము చెప్పుకొనగలడు. చదివినంత మేరకు అతని చదువు పూర్ణము. ఆ పద్ధతి నిర్దుష్టమని కాదు. అధికారినిర్ణయము అచట కులమును బట్టి జరిగినది; ఆ దోషము కప్పిపుచ్చదగినది కాదు. గ్రహింపవలసినది పాఠక్రమమును మాత్రమే.

2020 నాటి జాతీయ విద్యావిధానము ఏడాదికి సర్టిఫికెట్, రెండేండ్లకు డిప్లొమా ఇచ్చి పంపవచ్చునన్నది. నిర్గమద్వారము తెరచుట సులభము. పోవువాని చేతిలో ఏమున్నది? మూడేండ్ల చదువులో మొదటి ఏడు పునాదిగా కూర్చబడినది; పునాదిలో ఎవరును కాపురముండలేరు. కామర్స్ చదివి ఏడాదికే మానినవాడు ఒక దుకాణము లెక్కలు వ్రాసి, జీఎస్టీ పత్రములు నింపగలుగవలెను. రసాయనశాస్త్రము చదివినవాడు నమూనా తీసి, కొలిచి, నమోదు చేయు పద్ధతిని సమీపమందలి ఔషధ పరిశ్రమకు అక్కరకు వచ్చునట్లు నేర్చియుండవలెను. ఇట్లు చేసిన ప్రమాణములు పడిపోవునని కొందరి శంక. మొదటి ఏడు బలపడిన తరువాతి రెండేండ్లు బలహీనపడుట ఎట్లో వారు చెప్పవలెను.

ఈ పరీక్షకు ప్రాచ్యకళాశాలలు కూడ నిలువవలెను. ఇంటర్మీడియెట్‌లో సంస్కృతము మార్కుల కొరకు ఎన్నుకొనబడుట అందరెరిగినదే. నూటికి తొంబదికి పైగా తెచ్చుకొని, రామశబ్దము షష్ఠి వద్ద తడబడు విద్యార్థి అధ్యాపకులకు క్రొత్తవాడు కాడు. అట్టివానిని నేరుగా కౌముది ముందు కూర్చుండబెట్టుట ఉభయులకును శిక్ష. మొదటి ఏట దేవనాగరి చక్కగా వ్రాయుట, శబ్దములు, ధాతువులు, ఒక్క కావ్యసర్గ అన్వయముతో, దానితో పాటు అచ్చుప్రతులు దిద్దుట, తాళపత్రమును చదివి పట్టికలో చేర్చుట నేర్పినచో, ఆ ఏటితో మానినవాడును రిక్తహస్తుడు కాడు. ప్రాచ్యలిఖిత భాండాగారములలో ఆ పని తెలిసినవారి అవసరము ఎప్పుడును ఉన్నదే.

సమీక్షాసంఘములు సాధారణముగా ఉత్తీర్ణుల శాతము అడుగును. మేడ్చల్ ప్రాంతపు ఏ కళాశాలలోనైనను ఒక సాయంకాలము కూర్చుండి, గడచిన మూడేండ్లలో మధ్యలో మానినవారి పట్టీని తెప్పించుకొని, వారు ఏ నెలలో మానిరి, ఎందులకు మానిరి, ఇప్పుడేమి చేయుచున్నారు అని ఒక్కొక్కరి ఇంటికి మనిషిని పంపి విచారించినచో, ఏ సెమిస్టరులో ఏ పాఠము ముందునకు జరుపవలెనో ఆ పట్టీయే చూపును.