బోర్డు ఎక్కని మార్కులు

మా ఊరి బాలుర హైస్కూలు వార్షికోత్సవానికి పాత విద్యార్థినని నన్నూ పిలిచారు. వెళ్ళాను. హోసూరు చుట్టుపక్కల స్కూలని చెబితే చాలు, పేరు అక్కరలేదు. పేరు రాస్తే ఇది ఆ హెడ్మాస్టరు మీద ఫిర్యాదు అవుతుంది. ఆయన మంచివాడు. నా ఫిర్యాదు ఎవరి మీదో చివరిదాకా చదివితే మీకే తెలుస్తుంది.

షామియానా వేశారు. తమిళ్‌తాయ్ వాళ్త్తు పాడారు. ముందు వరసలో పంచాయతీ పెద్దలు, తల్లిదండ్రుల సంఘం అధ్యక్షుడు, నాబోటి ముసలివాళ్ళు. హెడ్మాస్టరుగారు సంవత్సర నివేదిక చదివారు. తొరపల్లిలో పుట్టి హోసూరులో చదువుకున్న రాజాజీతో మొదలుపెట్టారు. మా ప్రాంతంలో ఏ స్కూలు వేడుకైనా అలాగే మొదలవుతుంది, తప్పేమీ లేదు. తరువాత ఆ ఏడు పిల్లలు సాధించినవి వరసగా చెప్పారు. పదో తరగతిలో నూటికి నూరు మంది పాసు. జిల్లా చెడుగుడు పోటీల్లో రెండో స్థానం. కేంద్ర ప్రభుత్వ ఉపకార వేతనం పరీక్షలో ఇద్దరు నెగ్గారు. సైన్సు ప్రదర్శనలో బిందుసేద్యం నమూనాకు బహుమతి. గులాబీ తోటల సీమ కదా, పిల్లలకు ఆ పని ఇంట్లోనే తెలుసు. పేరు పిలిచినప్పుడల్లా ఒక పిల్లవాడు వేదిక ఎక్కడం, చప్పట్లు. నేనూ కొట్టాను.

సభ ముగిశాక వరండాలో గోడకున్న బోర్డు చూస్తూ నిలబడ్డాను. సంవత్సరం, పేరు, మార్కులు, తెల్లరంగుతో రాసి ఉన్నాయి. పక్కన పదో తరగతి పిల్లవాడొకడు కుర్చీలు మోస్తున్నాడు. ఇంటి మాటలోనే పలకరించాను.

"తెలుగులో ఎన్ని వస్తున్నాయి నాయనా?"

"హాఫ్ ఇయర్లీలో తొంబై ఆరు సార్."

"మరి నీ పేరు చదవలేదే?"

"దానికి చదవరు సార్. అది లెక్కలోకి రాదు."

వాడు కోపంగా అనలేదు, దిగులుగానూ అనలేదు. ఈ బస్సు మన ఊళ్ళో ఆగదు సార్ అన్నంత మామూలుగా అన్నాడు. ఆ మామూలుతనమే నా చేత ఈ నాలుగు ముక్కలూ రాయిస్తున్నది.

అది లెక్కలోకి రాకుండా ఎలా పోయింది? కొంత చట్టం చేసింది. 2006లో తమిళనాడు శాసనసభ తమిళం నేర్చుకోవడాన్ని తప్పనిసరి చేస్తూ చట్టం తెచ్చింది. 2006-07లో ఒకటో తరగతితో మొదలై, ఏడాదికొక మెట్టు ఎక్కుతూ 2015-16కు అది పదో తరగతికి చేరింది. మొదటి భాగం తమిళం, రెండో భాగం ఇంగ్లీషు, మూడో భాగం లెక్కలు, సైన్సు, సాంఘికం వంటివి. ఇంటి భాష వేరైన పిల్లవాడు కావాలంటే దాన్ని నాలుగో భాగంగా చదువుకోవచ్చు. ఆ "కావాలంటే" అన్న మాటను గుర్తుంచుకోండి, మళ్ళీ దాని దగ్గరకే వస్తాం. అల్పసంఖ్యాక భాషల పిల్లల తరఫున కొందరు కోర్టుకెక్కారు. 2016 పరీక్షల వేళ మద్రాసు హైకోర్టు ఊరట ఇచ్చింది. 2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆ ఊరటను మరో ఏడాది పొడిగించింది. కోర్టుకు తిరిగినవారికి చేతులెత్తి దండం పెడతాను. కాని పరీక్ష ముంగిట్లో దొరికే ఊరటకు ఆయుష్షు తక్కువ. దానితో ఒక పరీక్ష గడుస్తుంది. క్లాసు నిలవడానికి వేరే ఏదో కావాలి.

అంతకు ముందు మాత్రం మన మార్కులకు బోర్డు మీద చోటుండేదా? రాష్ట్రస్థాయి ర్యాంకులు ప్రకటించే రోజుల్లో తమిళం మొదటి భాషగా రాసినవారిది ఒక పట్టిక, ఇతర భాషలు తీసుకున్నవారిది వేరొక పట్టిక. పేపర్లలో ఫోటోలు పడేది మొదటి పట్టికకు. 2017లో ప్రభుత్వం ర్యాంకుల ప్రకటనే మానేసింది. పిల్లల ప్రాణాలకు అది మంచిదే. కాని ఆ రెండు పట్టికల అలవాటు గోడల మీద నుంచి పోయినా మన మనసుల్లో నుంచి పోలేదు.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి. మన పిల్లలు తమిళం చదవడం పట్ల నాకు అభ్యంతరం లేదు. చదవాలి, బాగా చదవాలి. ఇడైసెవల్‌లో తెలుగింట పుట్టిన కి. రాజనారాయణన్ తమిళంలో రాసి 1991లో సాహిత్య అకాడమీ బహుమతి అందుకున్నారు. మనం ఆ భాషకు ఇచ్చినది తక్కువేమీ కాదు, పొందినదీ తక్కువ కాదు. తమిళుల మీద నాకు ఈర్ష్య మాత్రం ఉంది. తమ భాషను లెక్కలోకి ఎలా తెచ్చుకోవాలో వాళ్ళకు తెలుసు. పక్కింట్లోనే ఉండి మనం అది నేర్చుకోలేదు.

స్కూల్లో తెలుగు ఎలా బతుకుతున్నదో చూడండి. తెలుగు పీరియడు ఆఖరి గంట. ఎనిమిది, తొమ్మిది, పది తరగతుల్లోని తెలుగు పిల్లలందరినీ ఒక్కచోట చేర్చి చింతచెట్టు కింద కూర్చోబెడతారు. మూడు తరగతుల పుస్తకాలు, ఒక్క అయివారు. వాన వస్తే సైకిళ్ళ షెడ్డులోకి. పరీక్షలు దగ్గరపడితే ఆ గంటను లెక్కల సారు తీసుకుంటారు. పి.టి. పీరియడు తీసుకుంటే పిల్లలు గోల చేస్తారు, తెలుగు పీరియడు తీసుకుంటే అడిగేవాడు లేడు. ఏ లిస్టు రాయాలన్నా, ఏ పుస్తకాల కట్టలు దించాలన్నా తెలుగు అయివారిని పిలుస్తారు, ఆయనకు "పనేముంది" గనక.

ఇదే పిల్లలు మధ్యాహ్నం భోజనాల వరసలో గుడ్డు కోసం కొట్లాడుకునేది తెలుగులో. చెడుగుడు బరిలో కేకలు వేసుకునేది తెలుగులో. లెక్క అర్థం కాకపోతే పక్కవాడు మెల్లగా విడమరచి చెప్పేది తెలుగులో. జిల్లాలో రెండో స్థానం తెచ్చిన ఆ జట్టులో ఏడుగురికి అయిదుగురు తెలుగిళ్ళ పిల్లలు. సాధించేటప్పుడు నోట్లో ఉన్న భాష, సాధించినది రాసేటప్పుడు బోర్డు మీద ఉండదు.

ఇంతవరకు చదివి, "అవునవును, ప్రభుత్వం అన్యాయం చేస్తున్నది" అని తల ఊపుతున్న పెద్దలారా, ఇప్పుడు మన సంగతికి వద్దాం.

ఉగాదికి మన సంఘాలన్నీ ప్రతిభా పురస్కారాలు ఇస్తాయి. వేటిని చూసి? మొత్తం మార్కులను చూసి. ఆ మొత్తంలో నాలుగో భాగం కలవని పాత లెక్కనే మనమూ పట్టుకున్నాం. ఒక ఉగాది సభలో నేనే వేదిక మీద ఉన్నాను. మొదటి బహుమతి పొందిన పిల్లవాడికి శాలువా కప్పి, కవరు మీద తెలుగులో రాసిన వాడి పేరును మైకులో చదవమన్నాను. వాడు సిగ్గుపడి నవ్వాడు. రాదు. సభంతా నవ్వింది. నేనూ నవ్వాను. తెలుగు పండుగనాడు, తెలుగు సంఘం, తెలుగు చదవడం రాని పిల్లవాడికి, తెలుగు చదవనందుకు వీలైనన్ని మార్కులు తెచ్చుకున్నావని బహుమతి ఇచ్చింది. హాలు వెనక తెలుగులో తొంబై ఆరు తెచ్చుకునే పిల్లలు కుర్చీలు సర్దుతూ ఉండి ఉంటారు. ఆ సంఘం కార్యవర్గంలో నేను పదకొండేళ్ళు ఉన్నాను. ఆ పదకొండేళ్ళలో ఒక్కసారి కూడా ఈ ప్రశ్న అడగలేదు.

ఇంకొకటి కూడా ఒప్పుకోవాలి. వార్షికోత్సవం నుంచి ఇంటికి వచ్చి, మా మనవడిని చేర్చినప్పటి కాగితాలు బయటకు తీశాను. మాతృభాష అన్న గడిలో "తమిళ్" అని ఉంది. మావాడి చేతిరాతే. అడిగితే, "అట్ల రాస్తే తకరారు ఉండదు నాయనా, అందరూ అట్లనే రాస్తారు" అన్నాడు. మా ఇంట్లో పొయ్యి దగ్గర, పొలం దగ్గర, దేవుడి దగ్గర తెలుగు తప్ప మరొకటి లేదు. ఆ ఒక్క గడిలో మాత్రం లేదు. ఆ గడి నింపింది ప్రభుత్వం కాదు.

2011 జనాభా లెక్కల్లో తమిళనాడులో తెలుగు మాతృభాషగా చెప్పుకున్నవారు సుమారు 42 లక్షల మంది. ఆ లెక్కను ప్రతి సభలోనూ చెప్పుకుని పొంగిపోతాం. అయివారి ఉద్యోగం నిలిచేది జనాభా లెక్కల మీద కాదు, స్కూలు రిజిస్టరు మీద. 1949లో రాష్ట్రాల విద్యామంత్రుల సమావేశం ఒక కొలత పెట్టింది: ప్రాథమిక దశలో ఒక తరగతిలో 10 మంది, లేదా బడి మొత్తం మీద 40 మంది ఆ భాష పిల్లలుంటే ఆ భాషలో చెప్పడానికి టీచరును వేయాలి. 1956లో రాజ్యాంగంలో చేరిన 350ఎ అధికరణం ప్రాథమిక దశలో మాతృభాషలో చదువుకునే సౌకర్యం కల్పించమంటున్నది. హైస్కూలు నిబంధనలు వేరు కావచ్చు. కింది తరగతిలో పదిమంది పేర్లు లేనిచోట పై తరగతికి తెలుగు పిల్లలు ఎక్కడి నుంచి వస్తారు? అయివారు రిటైరైన రోజున పై అధికారి అడిగే ప్రశ్న ఒకటే: ఎంతమంది ఉన్నారు? రిజిస్టరు తెరిస్తే మా మనవడు ఉండడు. మీ మనవడు ఉన్నాడా?

"తెలుగు చదివితే కూడు పెడుతుందా?" అని మావాడిలాంటివారు అడుగుతారు. సూటిగా జవాబు చెబుతాను. హోసూరు ఫ్యాక్టరీ గేటు దగ్గర తెలుగు మార్కులు అడగరు, నిజం. సాంఘికశాస్త్రం మార్కులూ అడగరు. అశోకుడి శాసనాలు ఎవరికి కూడు పెట్టాయి? అయినా చదివిస్తున్నాం, అది లేనిదే చదువు కాదని మనకు తెలుసు గనక. కూడు లెక్క ఒక్క తెలుగు దగ్గరే ఎందుకు గుర్తుకు రావాలి? పైగా ఇది పిల్లవాడికి తెలిసిన భాష. కొత్తగా నేర్పవలసింది అక్షరాలు, చదివే అలవాటు. రోజుకు ఒక్క గంట. ఆ గంట లేకపోతే, మా అమ్మ పెట్టెలో మా నాయన రాసిన ఉత్తరాలు మా మనవడికి కాగితాలు మాత్రమే.

మరికొందరు హైదరాబాదు వైపు చూస్తారు. 2014 తరువాత రెండు తెలుగు రాష్ట్రాలయ్యాయి గనక మనకు వినతిపత్రాల ఖర్చు రెట్టింపయింది. అక్కడివారు వస్తే సంతోషం, పుస్తకాలు ఇస్తే కళ్ళకద్దుకుందాం. మన బడి రిజిస్టరులో సంతకం పెట్టడానికి మాత్రం వాళ్ళు రాలేరు.

పెద్ద పెద్ద తీర్మానాలు నాకు చేతకావు. చేయగలిగినవి మూడు చెబుతాను.

ఒకటి. జూన్‌లో పిల్లవాడిని చేర్చేటప్పుడు మాతృభాష గడిలో తెలుగు అని రాయండి. తెలుగు చదువుతాడని అదే రోజు వేరే కాగితం మీద రాసిచ్చి, నకలు మీద సంతకం తీసుకోండి. నోటితో అడిగినది గాలికి పోతుంది. ఇప్పటికే తప్పు రాసినవారు దిద్దించండి. నేను మా మనవడిది దిద్దించడానికి అర్జీ పెట్టాను. గుమాస్తా విసుక్కున్నాడు, తీసుకున్నాడు.

రెండు. సంఘాల బహుమతులు తెలుగు పేపరు మార్కులను చూసి ఇవ్వాలి. లెక్కల్లో నూటికి నూరు తెచ్చుకున్న పిల్లవాడిని మెచ్చుకోవడానికి స్కూలుంది, పేపర్లున్నాయి, కోచింగు సెంటర్ల ఫ్లెక్సీలున్నాయి. తెలుగులో తొంబై ఆరు తెచ్చుకున్నవాడికి మనం తప్ప ఎవరున్నారు? స్కూలు బోర్డు మీద ఒక గడి ఇమ్మని హెడ్మాస్టరును అడగండి. ఇవ్వకపోతే గుడి మండపంలో మనమే ఒక బోర్డు కడదాం. రంగు డబ్బా ఖరీదెంత?

మూడు. అయివారు రిటైరై ఖాళీ పడితే, ప్రభుత్వం నింపేదాకా తల్లిదండ్రుల సంఘం ద్వారా ఒకరిని పెట్టుకుని జీతం మనం భరించాలి. లెక్కలకు, సైన్సుకు ఎన్నో స్కూళ్ళలో ఇలాగే జరుగుతున్నది. ఒక్క ఉగాది సభకు షామియానాకు, మైకుసెట్టుకు, ముఖ్య అతిథి కారుకు అయ్యే ఖర్చు ఒక మనిషికి ఎన్ని నెలల జీతమవుతుందో మన కోశాధికారులే లెక్క వేసి చెప్పాలి. ఒక ఏడు సభ లేకపోతే తెలుగు చావదు. ఒక ఏడు క్లాసు లేకపోతే ఆ పదిమంది మళ్ళీ రారు.

చట్టం "కావాలంటే" అన్నది. అది మనకు అవమానమని ఇన్నాళ్ళూ అరిచాను. ఇప్పుడు నాకు వేరుగా వినబడుతున్నది. మాకు కావాలి అని ఎంతమందిమి రాసిచ్చాం? మా ఊళ్ళో నేను వాకబు చేశాను. ఆ పిల్లవాడి తండ్రి ఒకడు రాసిచ్చాడు. రాళ్ళ క్వారీలో కూలి, వేలిముద్ర వేసే మనిషి. చదువుకున్న ఇళ్ళ నుంచి ఒక్క కాగితమూ లేదు.

ఆ పిల్లవాడికి పబ్లిక్ పరీక్షలో ఎన్ని వచ్చినా, వచ్చే ఉగాదికి వేదిక మీద మొదట పిలిచే పేరు వాడిదే కావాలని మా కార్యవర్గానికి రాతపూర్వకంగా ఇచ్చాను. ఒప్పుకోకపోతే ఆ సభలో నేను ఉండను. మీ మీ ఊళ్ళలో, హోసూరైనా, బళ్ళారి అయినా, బరంపురమైనా, ఇలాంటి పిల్లవాడు కుర్చీలు మోస్తూ ఉంటాడు. వాడిని పిలిచి, ఎన్ని వచ్చాయని అడగండి.