యుద్ధం అంత దూరమేమీ కాదు



ఉక్రెయిన్ యుద్ధ పటాలు చూడటం పనిలేనివాళ్ల కాలక్షేపమని పోయిన వారం ఒక పాఠకుడు రాశారు. జనగామలో చాయ్ తాగుతూ అక్కడి బఖ్‌ముత్, అవ్‌దీవ్‌కా పట్టణాల పోరు వార్తలు చదివినవాణ్ణి నేను. వాటిని క్రికెట్ స్కోరులా చూసిన రోజులూ ఉన్నాయి, ఒప్పుకుంటాను. కానీ 2022లో మహబూబాబాద్ కిరాణా కొట్టులో పొద్దుతిరుగుడు నూనె ధర మండింది ఆ యుద్ధం వల్లనే కదా! సహాయకుడి కొలువని నమ్మి రష్యా వెళ్లి ఆ యుద్ధంలో చిక్కుకున్న హైదరాబాద్ యువకుడు ప్రాణం పోగొట్టుకున్నాడని 2024 మార్చిలో మాస్కోలోని మన రాయబార కార్యాలయం ధ్రువీకరించింది. అట్లాగే చిక్కుకున్న నారాయణపేట యువకుడు ఆ ఏడాది సెప్టెంబరులో ఇల్లు చేరాడు. పోరు ఎక్కడ సాగుతోందో తెలిసినవాడు, కొలువు పేరుతో ఇచ్చే అర్థంకాని కాగితం మీద సంతకం పెట్టేముందు ఆగుతాడు. సంపాదకులారా, యుద్ధ వార్తలు తగ్గించకండి. భూపాలపల్లి పిల్లలూ చదివే జిల్లా పేజీలో వేయండి.

— ఒక పాఠకుడు, జనగామ