మహమ్మారియు విచారణ ఖైదీయు

2020 మార్చి 25న దేశమంతట రాకపోకలు నిలిచినపుడు న్యాయస్థానములు అత్యవసర విషయములను మాత్రమే వినసాగెను. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు వేఱు జిల్లాలై మూడేండ్లు దాటినను, జిల్లా న్యాయాధికారము నాటికి మహబూబునగరముననే యుండెను. బస్సు లేనిదే సాక్షి కదలడు.

తగవు వాయిదాపడిన భూమి యెక్కడికిని పోదు. విచారణ ఖైదీ సంగతి యట్టిది కాదు. నేరము ఋజువు కాకయే యతడు దినములు లెక్కించుకొనును. నేరమును బట్టి 60 లేక 90 దినములలో పోలీసువారు అభియోగపత్రము దాఖలు చేయనిచో, నాటి క్రిమినల్ ప్రొసీజరు కోడు 167వ సెక్షను ప్రకారము జామీను అతని హక్కు. సుప్రీముకోర్టు మార్చి 15 నుండి వ్యాజ్యముల గడువులను పొడిగింపగా, అది అభియోగపత్రములకును వర్తించునని మదరాసు హైకోర్టు న్యాయమూర్తి యొకరు తీర్పు చెప్పిరి. జూన్ 19న సుప్రీముకోర్టు దానిని కొట్టివేసెను. వ్యాధి పేర వ్యక్తిస్వాతంత్ర్యమును హరింపరాదను నీ నిర్ణయము మాకు సర్వథా సమ్మతము.

వీడియో విచారణ వాదనలకే ముఖ్యముగా వినియోగింపవలెననియు, ఉభయుల సమ్మతి లేక సాక్ష్యము నమోదు చేయరాదనియు ఏప్రిల్ 6ననే ఆ కోర్టు ఆదేశించెను. తెరకావల సాక్షి ప్రక్క నెవరు నిలిచిరో జడ్జి యెట్లెఱుగును? మన పల్లెలలో పెద్దరైతు ముందఱ నోరు విప్పుటయే కష్టము (మా పాఠకులలోని పెద్దరైతులు మన్నింతురుగాక!).

2022 జూన్ 2న ఈ మూడింటికిని ప్రత్యేక జిల్లా న్యాయస్థానములు లభించినవి. మఱియొక మహమ్మారి రాకమున్నే, జైలులోని ఖైదీ తన వకీలుతో నితరులు వినకుండ మాటలాడుటకు గదియు వీడియో సాధనమును ఏర్పఱుపవలసినదిగా ప్రభుత్వమును, హైకోర్టును కోరుచున్నాము.