ఆన్‌లైన్ పీజీ: చదువు వస్తుంది, లైసెన్స్ రాదు

గల్ఫ్ ఆస్పత్రిలో నర్సుగా పనిచేస్తున్న కూతురు కనిగిరిలోని ఇంటికి ఫోన్ చేసి, "అబ్బాజాన్, డ్యూటీ చేసుకుంటూనే ఆన్‌లైన్‌లో పీజీ చేస్తా, ఫీజు కట్టేయనా?" అని అడిగిందనుకోండి. తండ్రి ఏం చెప్పాలి? లక్షల రూపాయల వ్యవహారం కాబట్టి "సరే" అనే ముందు, "వద్దు" అనే ముందు కూడా కొన్ని సంగతులు తెలుసుకోవాలి.

మొదటిది మన దేశంలోని రూలు. యూజీసీ 2020 నిబంధనల ప్రకారం మెడిసిన్, డెంటల్, నర్సింగ్, ఫార్మసీ, ఫిజియోథెరపీ డిగ్రీలను ఆన్‌లైన్‌లో గానీ దూరవిద్యలో గానీ ఇవ్వకూడదు. 2025 జులై-ఆగస్టు సెషన్ నుంచి సైకాలజీ, క్లినికల్ న్యూట్రిషన్ లాంటి కోర్సులనూ ఇదే జాబితాలో చేర్చారు. అంటే "ఇంట్లో కూర్చుని ఎమ్మెస్సీ నర్సింగ్" అని ఎవరైనా ఆశ పెడితే అక్కడే ఆగిపోవాలి.

ఎందుకింత కట్టుదిట్టం? సూది వేయడం, ప్రసవం చేయించడం, ఐసీయూలో రోగిని కనిపెట్టుకుని ఉండడం తెర మీద చూస్తే వచ్చే విద్య కాదు. కరోనా, ఉక్రెయిన్ యుద్ధం వల్ల విదేశీ ఎంబీబీఎస్ చివరి ఏడాదిని ఆన్‌లైన్‌లో ముగించిన విద్యార్థులకు జాతీయ వైద్య కమిషన్ 2022లో ఒక షరతు పెట్టింది. పరీక్ష పాసైనా రెండేళ్లు ఆస్పత్రిలో శిక్షణ పొందాలంది. ఇగ్నో డాక్టర్ల కోసం మాతా శిశు ఆరోగ్యంలో పీజీ డిప్లొమాను దూరవిద్యలో నడిపినప్పుడు కూడా ప్రాక్టికల్స్ ఆస్పత్రిలోనే పెట్టింది.

అలాగని ఆన్‌లైన్ పీజీ అంతా మోసం అనుకోవద్దు. లండన్ యూనివర్సిటీ 1858 నుంచే దూరంగా ఉన్నవాళ్లకు డిగ్రీలు ఇస్తోంది. లండన్ స్కూల్ ఆఫ్ హైజీన్ అండ్ ట్రాపికల్ మెడిసిన్, మాంచెస్టర్ యూనివర్సిటీ లాంటివి ప్రజారోగ్యంలో మాస్టర్స్‌ను ఆన్‌లైన్‌లో చెబుతున్నాయి. వేర్వేరు దేశాల డాక్టర్లు, నర్సులు ఉద్యోగం మానకుండానే చదువుకోవచ్చు. ఈ చదువుకు రోగి మంచం పక్కన నిలబడనక్కర్లేదు. జబ్బు ఎక్కడ ఎక్కువ, ఎవరికి వస్తోంది, ఎలా ఆపాలి అన్న లెక్కలే ఇందులో పాఠాలు. విద్యార్థి పనిచేసే ఆస్పత్రే ఆమెకు ప్రయోగశాల.

మన కనిగిరినే చూడండి. ఇక్కడి భూగర్భ జలాల్లో ఫ్లోరైడ్ బాధ తరాల నాటిది. తాగునీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఏ బోరులో ఎంత ఉంది, ఏ ఊరి పిల్లల పళ్లు గారపట్టాయి, ఎవరి కీళ్లు బిగుసుకుపోయాయి అని లెక్కగట్టి దారి చూపేది ప్రజారోగ్యం చదివినవాళ్లే. పెళ్లయి, పిల్లలతో ఇల్లు కదల్లేని మన ఆడపిల్లలకైతే ఈ చదువు నిజంగా వరమే.

కాబట్టి ఫీజు కట్టే ముందు మూడు ప్రశ్నలు అడగండి. ఒకటి, ఈ కోర్సుకు గుర్తింపు ఎవరిచ్చారు? మన దేశపు యూనివర్సిటీ అయితే యూజీసీ దూరవిద్యా విభాగం వెబ్‌సైట్‌లో మీరే చూసుకోవచ్చు. రెండు, కూతురు పనిచేసే దేశంలో దీనివల్ల హోదా పెరుగుతుందా? సౌదీలో అయితే హెల్త్ స్పెషాలిటీస్ కమిషన్‌ను అడగాలి. ఏజెంట్ నోటిమాట చాలదు, జవాబు రాతపూర్వకంగా ఉండాలి. మూడు, ప్రాక్టికల్స్ ఎక్కడ? రోగిని ముట్టుకోవాల్సిన కోర్సుకు "అవసరం లేదండీ" అని జవాబొస్తే ఫోన్ పెట్టేయండి.

కామన్వెల్త్ దేశాల వారికి బ్రిటన్ దూరవిద్య స్కాలర్‌షిప్‌లు కూడా ఇస్తోంది. పొలం తాకట్టు పెట్టే ముందు ఆ అర్హతలు ఒకసారి చదవండి.

కూతురికి "వద్దు" అని చెప్పకండి. "ఏ కోర్సు బిడ్డా, దేనికి పనికొస్తుంది?" అని అడగండి. ఆమె దగ్గర జవాబుంటే ఫీజు కట్టొచ్చు.