రక్తంలోనే ఉందా?

మా రోజుల్లో ఒక తమ్ముడు రెండు రోజులు అన్నం ముట్టకుండా ముడుచుకు పడుకుంటే "వాళ్ల నాయనా ఇంతే, రక్తంలోనే ఉంది" అన్నాం. వాళ్లమ్మ వలసపోయి మూడు నెలలైందని తర్వాత తెలిసింది. ఆ మాటకు ఇప్పటికీ సిగ్గుపడుతున్నాం.

ఇలాంటి మాట సైన్సులోనూ నడిచింది. న్యూజిలాండ్‌లోని డునెడిన్‌లో 1972-73లో పుట్టిన 1037 మంది పిల్లలను శాస్త్రజ్ఞులు పుట్టినప్పటి నుంచీ పరిశీలిస్తున్నారు. సెరటోనిన్‌కు సంబంధించిన ఒక జన్యువు పొట్టి రకమై, జీవితంలో కష్టాలూ తోడైతే డిప్రెషన్ ఎక్కువని 2003లో వారి వివరాలతోనే రాశారు. చాలామంది నమ్మారు. 2019లో అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయంలో ఇంకా పరిశోధక విద్యార్థిగానే ఉన్న రిచర్డ్ బోర్డర్ తోటివారితో కలిసి లక్షల మంది వివరాలు తిరగేశాడు. అలా పేరుమోసిన 18 జన్యువుల్లో దేనికీ స్పష్టమైన ఆధారం దొరకలేదు. పదహారేళ్ల మాటను ఒక విద్యార్థి ప్రశ్నించాడు! మనమేమో లెక్చరర్‌ను డౌటడగాలన్నా జంకుతాం.

జన్యువుల పాత్రే లేదని కాదు. ఏ ఒక్కదానిదో కాదు, వేల తేడాలు తలా కాస్త కలిస్తేనే. చిన్ననాటి హింస, ఎడబాటు మనసును దెబ్బతీస్తాయన్నది మాత్రం చెక్కుచెదరలేదు.

అయితే ఆ లక్షల మందీ యూరప్ సంతతివారే. మన పిల్లల లెక్క అందులో లేదు. ఆ లెక్క ఎవరో వచ్చి వేస్తారని మేము అనుకోవడం లేదు. బయాలజీ తమ్ముళ్లూ, స్టాటిస్టిక్స్‌ను వదలకండి, ఆ పనిలో సగం అదే. నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ పిహెచ్‌డికీ ఇస్తారు. ఇది మాకు డిగ్రీలో ఎవరూ చెప్పలేదు.